కారు హీటరు దుర్వాసన

కారు హీటరు దుర్వాసన అనగా కారులోని హీటరును గాని, ఏసీని గాని, బ్లోయరును గాని నడిపినపుడు గాలిరంధ్రముల నుండి వెలువడు చెడు వాసన. గాలి వచ్చు మార్గమునందో, ఇంజను భాగమునందో ఏర్పడిన లోపమునకు ఇది సూచన. వాసన రకమును, అది వచ్చు సందర్భమును బట్టి లోపమున్న భాగమును చాలవరకు గుర్తింపవచ్చును. సుగంధద్రవ్యములతో వాసనను కప్పిపుచ్చినచో ప్రమాదకరమైన లోపములు కూడ మరుగున పడిపోవును.

ప్రాంతీయ నేపథ్యము

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగమున వెలికొండల చెంతనున్న ఉదయగిరి, 67వ నంబరు జాతీయ రహదారిపై నున్న ఆత్మకూరు ఉష్ణ ప్రాంతములు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుట సాధారణము. కావున ఇచ్చట హీటరు వాడుక బహు తక్కువ. ఈశాన్య ఋతుపవనముల వలన అక్టోబరు నుండి డిసెంబరు వరకు వానలు కురియు కాలమున, ముందు అద్దముపై పట్టిన ఆవిరిని పోగొట్టుటకు హీటరును త్రిప్పవలసి వచ్చును. చలికాలమున బెంగళూరు వంటి ఎత్తైన ప్రదేశములకు పోవునపుడును ఇంతే. నెలల తరబడి పేరుకొనిన దుమ్ము, తేమ అపుడు వాసన రూపమున బయటపడును. వేప, చింత చెట్ల క్రింద నిలిపిన కార్లలో రాలిన ఆకులు అద్దము క్రిందనున్న గాలి ప్రవేశమార్గమున చేరి కుళ్ళును. వరిచేల దగ్గర, ధాన్యము నిలువజేయు చోట్ల నిలిపిన కార్లలో ఎలుకలు దూరి గూడు కట్టుకొనుటయు కలదు.

పనిచేయు విధానము

ఇంజనును చల్లబరచు ద్రవమును కూలెంటు అందురు. వేడెక్కిన కూలెంటులో కొంత భాగము డ్యాష్‌బోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరు గుండా ప్రవహించును. దీనినే హీటరు కోర్ అందురు. బ్లోయరు బయటి గాలిని పీల్చి, సాధారణముగా మొదట కేబిన్ ఫిల్టరు, పిమ్మట ఏసీ కూలింగ్ కాయిల్, చివరకు హీటరు కోర్ మీదుగా లోనికి పంపును. కావున ఈ మార్గములో ఎచ్చట మురికి చేరినను, హీటరు వేసినపుడును ఏసీ వేసినపుడును వాసన రావచ్చును. విద్యుత్ కార్లలో గాలిని వేడిచేయుటకు ఇంజను వేడికి బదులు విద్యుత్తును వాడుదురు.

వాసనలు – కారణములు

* ఆరని బట్టల వాసన: కూలింగ్ కాయిల్‌పై తేమ నిలిచి బూజు పెరుగుట, లేదా నీరు బయటకు పోవు గొట్టము మూసికొనిపోవుట.
* చచ్చిన ఎలుక కంపు: బ్లోయరులో గాని, ఫిల్టరు పెట్టెలో గాని ఎలుక చనిపోవుట.
* బెల్లపు పాకము వంటి తీపి వాసన: హీటరు కోర్ నుండి కూలెంటు కారుట. అద్దము లోపలి వైపు జిడ్డు పొర ఏర్పడుట, కూలెంటు మట్టము తగ్గుట దీనికి తోడు లక్షణములు.
* దుమ్ము మాడిన వాసన: చాలకాలమునకు హీటరు వేసినపుడు వచ్చి కొద్ది నిమిషములలో పోయినచో దోషము లేదు.
* ప్లాస్టిక్ కాలిన వాసన: బ్లోయరు మోటారు, రెసిస్టరు లేదా వైర్లు వేడెక్కుట.
* నూనె మాడిన వాసన: ఇంజను ఆయిలు కారి వేడి సైలెన్సరు గొట్టముపై పడుట.
* కుళ్ళిన గ్రుడ్డు వాసన: కెటలిటిక్ కన్వర్టరు లోపము, లేదా బ్యాటరీ అతిగా ఛార్జి అగుట.
* పెట్రోలు వాసన, పొగ వాసన: ఇంధనము కారుట, లేదా పొగగొట్టమునకు చిల్లుపడుట.

ఆత్మకూరు నుండి బద్వేలు వైపు వెలికొండలను దాటునపుడు ఎగుడు దారిలో వచ్చు ఘాటైన మాడు వాసన హీటరుది కాక, అరిగిన క్లచ్ ప్లేటుది కావచ్చును.

నిర్ధారణ

# ఇంజను ఆపి, తాళముచెవి త్రిప్పి బ్లోయరును మాత్రమే నడపవలెను. అపుడును వాసన వచ్చినచో లోపము గాలి మార్గములోనే ఉండుట సంభవము.
# బయటి గాలిని మూసి, లోపలి గాలినే త్రిప్పు మీట వేయవలెను. వాసన తగ్గినచో దాని మూలము ఇంజను భాగమున గాని, బయట గాని ఉండును.
# కాళ్ళ దగ్గరి మ్యాటు తడిసినదేమో చూడవలెను. రంగు లేని నీరైనచో ఏసీ నీటి గొట్టము మూసికొనినట్లు; రంగు గలిగి జిగటగా ఉన్నచో కూలెంటు కారినట్లు.
# ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే కూలెంటు మట్టమును పరీక్షింపవలెను. వేడిమీద రేడియేటరు మూత తీసినచో మరిగిన ద్రవము ఎగజిమ్మి ఒళ్ళు కాలును.

మరమ్మతు

కేబిన్ ఫిల్టరు చాల కార్లలో గ్లవ్ బాక్సు వెనుక ఉండును; దీనిని యజమానియే మార్చుకొనవచ్చును. మట్టిదారులలో తిరుగు కార్లకు తయారీదారు సూచించిన గడువుకంటె ముందే మార్చుట మేలు. బూజు పట్టిన కూలింగ్ కాయిల్‌ను అందులకై అమ్ము నురుగు మందుతో కడిగి, నీటి గొట్టమును శుభ్రపరచవలెను. ఎలుక చనిపోయినచో బ్లోయరును విప్పి కళేబరమును తీసి, ఫిల్టరు మార్చి, కొరికిన వైర్లను సరిచూడవలెను.

హీటరు కోర్ మార్చుటకు చాల కార్లలో డ్యాష్‌బోర్డు విప్పవలసి యుండును గనుక ఖర్చు ఎక్కువ. కొన్ని కార్లలో మెకానిక్కులు హీటరుకు పోవు రెండు గొట్టములను ఒకదానితో నొకటి కలిపి కోర్‌ను తప్పింతురు. హీటరు అవసరము తక్కువైన ఈ ప్రాంతమున ఇది తాత్కాలికముగా సరిపోవును. అద్దముపై ఆవిరిని ఏసీతో పోగొట్టవచ్చును.

ప్రమాద సూచనలు

బూజు, దుమ్ము వాసనలున్న కారును నెల్లూరులోని సేవాకేంద్రము వరకు నడిపికొని పోవచ్చును. పెట్రోలు, ప్లాస్టిక్ కాలిన వాసనలు వచ్చినచో కారును వెంటనే రోడ్డు ప్రక్కన ఆపి, ఇంజను కట్టివేసి, అందరు దిగి దూరముగా పోవలెను. పొగ వాసనతోపాటు కార్బన్ మోనాక్సైడు లోనికి రావచ్చును. ఆ వాయువునకు రంగు గాని, వాసన గాని లేదు; పొగ వాసన లేనంత మాత్రమున అది లేదనుకొనరాదు. తలనొప్పి, వికారము, మగత కలిగినచో కారు దిగి స్వచ్ఛమైన గాలిలోనికి వచ్చి, 108కు ఫోను చేయవలెను. అద్దములు మూసి, ఇంజను నడుచుచుండగా కారులో నిద్రించుట ప్రాణాంతకము కాగలదు. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ తీపిగా ఉండు విషము. నేలపై కారిన దానిని పిల్లలు, కుక్కలు నోట పెట్టకుండ కడిగివేయవలెను.

నివారణ

* గమ్యము చేరుటకు కొద్ది నిమిషముల ముందు ఏసీ కట్టివేసి, బ్లోయరును మాత్రము నడిపినచో కాయిల్ ఆరును.
* అద్దము క్రింది ఆకులను తరచుగా తీసివేయవలెను.
* వానాకాలమునకు ముందు ఒకమారు హీటరును నడిపి చూడవలెను.
* కారులో తినుబండారములు ఉంచరాదు. అవి ఎలుకలను ఆకర్షించును.

ఇవి కూడా చూడండి

* రేడియేటరు
* కార్బన్ మోనాక్సైడు
* ఆత్మకూరు
* ఉదయగిరి