రంగం అప్పు: చిమిండైంగ్ మిల్లుల నుంచి సెక్యూరిటీ క్లియరెన్స్ దాకా

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళకి తెలుసు, మనం యాంగోన్‌లోని చిమిండైంగ్ దగ్గర మొదలుపెట్టాం. బ్రిటిష్ వాళ్ళు దాన్ని కెమ్మెండైన్ అని రాసేవాళ్ళు. హ్లైంగ్ నది ఒడ్డున ఉన్న పేట అది. బియ్యం మిల్లులు, కోత మిల్లులు, పడవలు, బస్తాలు. ఆ రోజుల్లో రంగూన్ మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. మనూళ్ళలో ఆ నగరాన్ని "రంగం" అనేవారు. అక్కడ మనవాళ్ళని "కోరంగీలు" అనేవారు, కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరు మీద. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే.

వెళ్ళడం ఎలా వెళ్ళేవాళ్ళు? విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల ఊళ్ళకి మేస్త్రీ వచ్చేవాడు. ఓడ టిక్కెట్టుకి, ఇంట్లో తిండి ఖర్చుకి అడ్వాన్సు ఇచ్చేవాడు. కూలీ ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసేవాడు. చేతికి వచ్చింది ఒకటి, నోటు మీద రాసింది ఒకటి. అక్కడికి చేరాక మిల్లు యజమాని కూలీకి నేరుగా డబ్బు ఇవ్వడు. కాంట్రాక్టరు, పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ, ఇలా మెట్టు మెట్టుకీ కొంత తరిగి, మిగిలింది బస్తా మోసినవాడి చేతిలో పడేది. అందులోంచే అప్పు తీరాలి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మేస్త్రీకి అప్పులేని కూలీ అక్కర్లేదు. అప్పు ఉన్నవాడే నమ్మకమైనవాడు, ఎందుకంటే వాడు పారిపోలేడు, ఎక్కువ కూలి ఇచ్చే ఇంకో మిల్లుకి పోలేడు. చట్టం కూడా మేస్త్రీ వైపే ఉండేది. 1859లో బ్రిటిష్ ఇండియాలో వచ్చిన ఒక చట్టం ప్రకారం, అడ్వాన్సు తీసుకుని పని ఎగ్గొట్టినవాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టొచ్చు. డబ్బు తిరిగి కట్టు, లేకపోతే పని చెయ్యి అని ఆయన ఆర్డరు వేస్తాడు. అదీ వినకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష. మామూలు బాకీ జైలు దాకా తీసుకెళ్ళేదన్నమాట. 1925లో మరో చట్టం చేసి దాన్ని రద్దు చేశారు. కానీ చట్టం పోయినా నోటు పోలేదు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. కూలి పెంచమన్నారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మా వాళ్ళని పెట్టుకున్నాయి. రాజీ కుదిరాక మనవాళ్ళు తిరిగి పనికి వచ్చారు, బర్మా వాళ్ళని పొమ్మన్నారు. మే 26న మొదలైన అల్లర్లలో ఎంతోమంది మనవాళ్ళు చనిపోయారు. తర్వాత వలస మీద విచారణ చేసిన జేమ్స్ బాక్స్‌టర్, భారతీయ కూలీలు బర్మా వాళ్ళ పని లాక్కున్నారనడానికి ఆధారం లేదని తేల్చాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. 1942లో జపాన్ సైన్యం వచ్చింది. లక్షలమంది కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. 1960లలో మళ్ళీ ఓడలెక్కి వచ్చినవాళ్ళని మనం బర్మా కాందిశీకులు అన్నాం. విశాఖలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ ఉంది.

సరే, ఈ కథ ఇప్పుడు ఎందుకు?

అమెరికాలో ఉన్న మన శ్రోతల కోసం. పౌరసత్వం వచ్చాక కొందరు ప్రభుత్వ ప్రాజెక్టుల్లోకి వెళ్తారు, సెక్యూరిటీ క్లియరెన్స్ అడుగుతారు. అక్కడ చూసే పదమూడు అంశాల్లో ఒకటి డబ్బు వ్యవహారం. కట్టని అప్పులు, దాఖలు చెయ్యని పన్ను రిటర్నులు ఉంటే ప్రశ్నలు వస్తాయి. కారణం చూడండి: అప్పులో మునిగినవాణ్ణి ఎవరైనా ఒత్తిడి పెట్టి లొంగదీసుకోవచ్చని భయం. మేస్త్రీ తన లాభానికి వాడుకున్నది ఏ లెక్కో, ప్రభుత్వం భయపడేదీ ఆ లెక్కే. అప్పున్నవాడి మీద ఇంకొకడికి పట్టు ఉంటుంది.

కానీ ఒక తేడా ఉంది. అప్పు ఉందనగానే తలుపు మూసెయ్యరు. ఉద్యోగం పోయిందా, జబ్బు చేసిందా, తర్వాత మీరేం చేశారు అని అడుగుతారు. అప్పిచ్చినవాళ్ళతో మాట్లాడి వాయిదాలు కడుతున్నారా, పన్ను శాఖతో ఒప్పందం చేసుకున్నారా అని చూస్తారు. అప్పు కన్నా దాన్ని దాచడమే ఎక్కువ ముప్పు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఇది ఇంకో రూపంలో ఎదురవుతుంది. యూఏఈ లాంటి చోట బ్యాంకు బాకీ కోర్టుకెక్కితే ప్రయాణ నిషేధం పడొచ్చు. ఇంటికి పోదామని ఎయిర్‌పోర్టుకి వెళ్ళాక తెలిస్తే ఏం చేస్తాం?

చిమిండైంగ్ కూలీకి తన నోటు మీద ఏం రాసుందో చదవడం రాదు. ఎంత తీరిందో చెప్పే రసీదు చేతిలో లేదు. మీకు ఆ రెండూ సాధ్యమే. ఏజెంటుకి ఇచ్చిన ప్రతి రూపాయికీ కాగితం అడగండి. కట్టిన ప్రతి వాయిదా రసీదు దాచుకోండి. రాని ఉత్తరం కోసం చూడకుండా, బాకీ ఎంతుందో మీరే ఫోన్ చేసి కనుక్కోండి. మీ తాతల్లో ఎవరైనా రంగం వెళ్ళొచ్చి ఉంటే, వాళ్ళ కథ మాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాం.