బోస్టన్ సెల్టిక్స్ ఆటగాళ్లు: ఒక జట్టు జాబితాలో అమెరికా సామాజిక చరిత్ర

శాసనాల్లో దాతల పేర్ల వరుసను బట్టి ఆనాటి సమాజంలో ఏ వర్గాలు బలపడ్డాయో అంచనా వేయవచ్చని మీకు తెలుసు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాకు సంబంధించి అటువంటి ఆధారమే ఒకటి మనం ఊహించని చోట దొరుకుతుంది. అదే వృత్తి క్రీడాజట్ల ఆటగాళ్ల జాబితా. ఒక సంవత్సరం జట్టులో ఎవరున్నారు, ఎవరు లేరు, ఉన్నవారందరికీ ఒకే హోటల్లో గది దొరికిందా అని ప్రశ్నించుకుంటే ఆ జాబితా చరిత్ర పత్రంగా మారుతుంది. ఈ భాగంలో బోస్టన్ సెల్టిక్స్ అనే బాస్కెట్‌బాల్ క్లబ్బును ఈ దృష్టితో పరిశీలిద్దాం. ఆట నియమాలు తెలియనివారు కూడా దీన్ని చదవవచ్చు.

క్లబ్బు ఆవిర్భావం, తొలి ఆటగాళ్లు

ఈ క్లబ్బును 1946లో వాల్టర్ బ్రౌన్ స్థాపించాడు. ఆయన బోస్టన్ గార్డెన్ అనే క్రీడాభవనం నిర్వాహకుడు. మంచు హాకీ పోటీలు లేని రాత్రుల్లో భవనం ఖాళీగా ఉండకూడదన్నది అప్పటి ఇటువంటి భవన యజమానుల ఆలోచన. అంటే ఈ లీగు పుట్టుకకు క్రీడాభిమానం కంటే వ్యాపార అవసరమే ముఖ్య కారణమని చెప్పాలి. బోస్టన్‌లో ఐరిష్ సంతతివారు ఎక్కువ కాబట్టి జట్టుకు సెల్టిక్స్ అని పేరు పెట్టారు. 1949లో రెండు లీగులు కలిసి ఎన్‌బీఏగా ఏర్పడ్డాయి.

తొలి సంవత్సరాల్లో జట్టులో అందరూ శ్వేతజాతీయులే. 1950 డ్రాఫ్ట్‌లో ఈ పరిస్థితి మారింది. కళాశాలల నుంచి వచ్చే ఆటగాళ్లను క్లబ్బులు వరుసక్రమంలో ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. తాను ఏ ఊరి జట్టుకు ఆడాలో నిర్ణయించుకునే హక్కు ఇందులో ఆటగాడికి ఉండదు. ఆ ఏడాది రెండో విడతలో సెల్టిక్స్ డ్యూకేన్ విశ్వవిద్యాలయానికి చెందిన చక్ కూపర్‌ను ఎంచుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. అయితే లీగు పోటీలో మొదట బరిలోకి దిగినవాడు వాషింగ్టన్ జట్టుకు చెందిన ఎర్ల్ లాయిడ్. పోటీల పట్టికలో వాషింగ్టన్ ఆట ఒక్కరోజు ముందు, అంటే 1950 అక్టోబర్ 31న రావడమే దీనికి కారణం. ఈ తేడాను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. చరిత్రలో ‘మొదటివాడు’ అన్న మాట చదివినప్పుడల్లా దేనిలో మొదటివాడని అడగడం మంచి అలవాటు.

జట్టులో చోటు దొరికినంత మాత్రాన సమానత్వం వచ్చినట్టు కాదు. నార్త్ కరొలీనాలోని రాలీ పట్టణంలో ఆట జరిగినప్పుడు కూపర్‌కు హోటల్లో గది ఇవ్వలేదు. సహచరుడు బాబ్ కూజీ తానూ అక్కడ ఉండనని చెప్పి, కూపర్‌తో కలిసి రాత్రి రైలెక్కి వెళ్లిపోయాడు. కూజీ ఫ్రెంచి వలసదారుల కుమారుడు, ఆ కాలపు ప్రసిద్ధ ఆటగాడు. ఆటగాళ్ల సంఘాన్ని 1954లో ప్రారంభించింది కూడా ఆయనే. ఈ సంఘం కథ పదేళ్ల తర్వాత బోస్టన్ గార్డెన్‌లోనే మలుపు తిరిగింది. 1964 జనవరి 14న అక్కడ ఆల్‌స్టార్ ఆట జరగవలసి ఉంది. టెలివిజన్ ప్రసారానికి అంతా సిద్ధమైంది. పింఛను పథకంపై హామీ ఇస్తే తప్ప బయటికి రామంటూ ఆటగాళ్లు దుస్తులు మార్చుకునే గదిలోనే కూర్చున్నారు. అప్పటి సంఘాధ్యక్షుడు టామ్ హైన్సన్ కూడా సెల్టిక్స్ ఆటగాడే. లీగు కమిషనర్ మాట ఇచ్చాకే ఆట మొదలైంది. కార్మికచరిత్ర పాఠాల్లో క్రీడాకారుల సమ్మెలు అంతగా కనిపించవు గాని, ఇది అచ్చమైన కార్మిక పోరాటమే.

బిల్ రసెల్ యుగం

క్లబ్బు చరిత్రలో 1956 ముఖ్యమైన సంవత్సరం. లూసియానాలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన బిల్ రసెల్‌ను ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో సెయింట్ లూయిస్ జట్టు ఎంచుకుంది. శిక్షకుడు రెడ్ ఆవర్‌బాక్ ఇద్దరు ఆటగాళ్లను ఇచ్చి ఆయన్ను బోస్టన్‌కు రప్పించాడు. ఇచ్చినవారిలో ఒకడైన ఎడ్ మకాలీది సెయింట్ లూయిసే. కొడుకు తీవ్ర అనారోగ్యంతో ఉండటంతో ఇంటికి దగ్గరగా ఉండాలని ఆయనే కోరుకున్నాడు. ఒక ఇంటి కష్టం మరో నగరపు క్రీడాచరిత్రను మార్చిందన్నమాట. రసెల్ ఆడిన 13 సీజన్లలో సెల్టిక్స్ 11 సార్లు విజేతగా నిలిచింది. 1959 నుంచి 1966 వరకు వరుసగా ఎనిమిది సార్లు గెలిచింది.

ఇన్ని విజయాలు సాధించినా గార్డెన్‌లో చాలా కుర్చీలు ఖాళీగానే ఉండేవి. అదే భవనంలో ఓడిపోతూ ఉన్న హాకీ జట్టుకు మాత్రం జనం కిటకిటలాడేవారు. హాకీ బోస్టన్‌కు పాత అలవాటు అన్న సమాధానంలో కొంత నిజం ఉంది. కాని రసెల్ కుటుంబం నివసించిన రీడింగ్ పట్టణంలో దుండగులు ఆయన ఇంట్లో చొరబడి వస్తువులు ధ్వంసం చేసి, గోడలపై జాతిదూషణలు రాసి పోయిన సంఘటనను ఆ సమాధానం వివరించలేదు.

1961లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్‌టన్‌లో ప్రదర్శన పోటీ ఏర్పాటైంది. బస చేసిన హోటల్లో సామ్ జోన్స్, సాచ్ శాండర్స్‌లకు తినడానికి ఏమీ వడ్డించలేదు. రసెల్, ఇతర నల్లజాతి ఆటగాళ్లు ఆడకుండా విమానమెక్కి తిరిగి వెళ్లిపోయారు. శ్వేతజాతి సహచరులు మాత్రం ఆ రాత్రి ఆట ఆడారు. రాలీలో కూజీ చేసిన పనిని దీని పక్కన పెట్టి చూడండి. పదేళ్లలో ప్రగతి ఒకే దిశలో సాగిందని చెప్పడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

1964 డిసెంబర్ 26న హైన్సన్ గాయంవల్ల ఆడలేకపోయాడు. ఆయన స్థానంలో విల్లీ నాల్స్ దిగాడు. రసెల్, సామ్ జోన్స్, కె.సి. జోన్స్, శాండర్స్‌లతో కలిసి ఎన్‌బీఏలో తొలిసారి ఐదుగురూ నల్లజాతీయులే ఆట ప్రారంభించారు. దీనికి ముందస్తు ప్రకటన గాని, వేడుక గాని లేదు. 1966లో ఆవర్‌బాక్ తప్పుకుని రసెల్‌కు శిక్షకుడి బాధ్యత అప్పగించాడు. లీగులో ఆ పదవి పొందిన మొదటి నల్లజాతీయుడు రసెల్. ఆడుతూనే శిక్షకుడిగా 1968, 1969లలో జట్టును గెలిపించాడు.

1970 తర్వాత

జాన్ హావ్లిచెక్, డేవ్ కవెన్స్, జోజో వైట్ తదితరుల జట్టు 1974, 1976లలో గెలిచింది. మొదటి విజయం వచ్చిన కొన్ని వారాలకే, పాఠశాలల్లో జాతి విభజనను తొలగించడానికి పిల్లలను బస్సుల్లో ఇతర ప్రాంతాల బడులకు పంపాలని ఫెడరల్ న్యాయమూర్తి గారిటీ తీర్పునిచ్చాడు. ఆ శరదృతువులో నల్లజాతి పిల్లల బస్సులపై రాళ్లు పడ్డాయి. నల్ల, తెల్ల ఆటగాళ్లు కలిసి సాధించిన విజయాన్ని పండగ చేసుకున్న నగరమే అది.

1979లో ఇండియానా నుంచి లారీ బర్డ్ వచ్చాడు. కెవిన్ మెక్‌హేల్, రాబర్ట్ పారిష్‌లతో కలిసి 1981, 1984, 1986లలో జట్టును గెలిపించాడు. 1986 జట్టులోని 12 మందిలో ఎనిమిది మంది శ్వేతజాతీయులు. అప్పటికి లీగులో అత్యధికులు నల్లజాతీయులే కావడంతో, సెల్టిక్స్ శ్వేతజాతి జట్టు అన్న ముద్ర పడింది. కాని 1984, 1986 విజయాల నాటి శిక్షకుడు కె.సి. జోన్స్ అన్న సంగతిని ఆ ముద్ర వేసినవారు తరచు మరిచిపోయారు.

అదే 1986 జూన్‌లో డ్రాఫ్ట్‌లో ఎంపికైన లెన్ బయస్ రెండు రోజులకే కొకైన్ వల్ల మరణించాడు. ఆయన వయస్సు 22. ఒక్క ఆట కూడా ఆడని ఈ యువకుడి ప్రభావం చట్టసభ దాకా వెళ్లింది. ఆ ఏడాదే కాంగ్రెస్ చేసిన మాదకద్రవ్యాల చట్టంలో క్రాక్ రూపంలోని 5 గ్రాములకు, పొడి రూపంలోని 500 గ్రాములకు ఒకే కనీస శిక్ష నిర్ణయించారు. ఆ శిక్షల భారం ఎక్కువగా నల్లజాతి యువకులపైనే పడింది.

తర్వాతి రెండు దశాబ్దాలలో ఒక్క విజయం కూడా దక్కలేదు. 1993లో సారథి రెజ్జీ లూయిస్ గుండెజబ్బుతో మరణించాడు. పాల్ పియర్స్, కెవిన్ గార్నెట్, రే ఆలెన్‌లతో 2008లోను, జేసన్ టేటమ్, జేలెన్ బ్రౌన్‌లతో 2024లోను గెలిచి సెల్టిక్స్ మొత్తం 18 విజయాలు నమోదు చేసుకుంది.

రసెల్ విషయంలో మరొక్క సంగతి చెప్పాలి. 1972లో ఆయన 6వ నంబరు చొక్కాను గౌరవార్థం గార్డెన్ పైకప్పుకు ఎత్తినప్పుడు ప్రేక్షకులెవరూ లేరు. తలుపులు తెరవకముందే, కొందరు సహచరుల సమక్షంలో మాత్రమే జరగాలని ఆయనే కోరాడు. 1975లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ తనను ఎంపిక చేసినా ఆ ఉంగరం తీసుకోలేదు. తనకంటే ముందు ఆ గౌరవం దక్కవలసిన నల్లజాతి ఆటగాళ్లున్నారన్నది ఆయన వాదన. 1984లో మరణించిన చక్ కూపర్‌కు 2019 సెప్టెంబర్‌లో ఆ గౌరవం లభించింది. ఆ నవంబర్‌లో, 85 ఏళ్ల వయస్సులో, రసెల్ తన ఉంగరం తీసుకున్నాడు.