‘వ్యక్తిగత కారణాలు’ అని రాసే ముందు: వేధింపుల వల్ల ఐటీ ఉద్యోగం మానేస్తున్నారా?

టీమ్ లీడ్ తీరు భరించలేక, ఎన్నేళ్లున్నా ప్రమోషన్ రాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేద్దామనుకుంటున్నారా? మానేయడం తప్పేమీ కాదు. కానీ రాజీనామా మెయిల్‌లో అలవాటుగా అందరూ రాసే ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అనే మాట పెట్టి సెండ్ నొక్కే ముందు కాస్త ఆగండి. రేపు మీరు ఫిర్యాదు చేస్తే అవతలివాళ్లు చూపించే మొదటి కాగితం అదే కావచ్చు.

పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి. దీన్నే ఐసీ అంటారు. దానికి సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటి నుంచి ఒక సభ్యులు తప్పనిసరి. హెచ్‌ఆర్‌కు నోటిమాటగా చెప్పడం ఐసీకి ఫిర్యాదు చేసినట్టు కాదు. చాలామంది ఇక్కడే పొరబడుతుంటారు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి. చాట్ స్క్రీన్‌షాట్లు, మెయిళ్లు, సాక్షుల పేర్లు జతచేయాలి.

గడువు ఎంత?

చివరి ఘటన జరిగిన రోజు నుంచి మూడు నెలలు. సరైన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలల వరకు పొడిగించవచ్చు. ఐటీలో నోటీసు పీరియడ్ చాలాచోట్ల 60 నుంచి 90 రోజులు. ‘రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాక చూద్దాంలే’ అనుకుంటే మొదటి గడువు అక్కడే అయిపోతుంది.

ఉద్యోగం వదిలేశాక కూడా ఫిర్యాదు చేసే హక్కు ఉంటుంది. అయితే విచారణ సాగుతుండగా దొరికే రక్షణలు ఉద్యోగంలో ఉన్నవాళ్లకే పనికొస్తాయి. మీరు రాసి అడిగితే, మిమ్మల్ని గానీ ఆ వ్యక్తిని గానీ వేరే చోటికి మార్చమని, మీకు మూడు నెలల వరకు సెలవు ఇవ్వమని కమిటీ సిఫార్సు చేయవచ్చు. ఈ సెలవు మీ మామూలు సెలవుల్లోంచి కోయరు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి.

ప్రమోషన్ సంగతి?

ఎదుగుదల లేకపోవడం ఒక్కటే ఈ చట్టం కిందకు రాదు. మీ కోరిక కాదన్నందుకే రేటింగ్ తగ్గించారని, ప్రాజెక్టు నుంచి తప్పించారని, లొంగితే ప్రమోషన్ ఇస్తామన్నారని చెప్పగలిగితే మాత్రం అది వేధింపే. మీ అప్రైజల్ రాయకుండా ఆ మేనేజర్‌ను పక్కనపెట్టి, ఆ పని ఇంకొకరికి అప్పగించమనీ కమిటీ సిఫార్సు చేయవచ్చు. అందుకే పాత రేటింగ్‌లు, మేనేజర్ మెచ్చుకుంటూ పంపిన మెయిళ్ల వివరాలు తేదీలతో సహా రాసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేశాక అవి మీకు కనిపించవు.

కంపెనీ ఏర్పాటు చేసిన క్యాబ్ కూడా చట్టం దృష్టిలో పని ప్రదేశమే. రాత్రి షిఫ్టు దారిలో జరిగినదాన్ని ‘ఆఫీసు బయట’ అని కొట్టిపారేయడానికి లేదు.

ఐసీ లేకపోతే?

పది మందిలోపు ఉన్న స్టార్టప్ అయినా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వారి షీ-బాక్స్ పోర్టల్‌లో ప్రైవేటు ఉద్యోగినులు కూడా ఆన్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ప్రమాదం ఎదురైతే 112కు, సలహా కావాలంటే 181కు ఫోన్ చేయండి. తెలంగాణలో షీ టీమ్స్‌నూ ఆశ్రయించవచ్చు. కమిటీలో ఫిర్యాదు నడుస్తోందని పోలీసు కేసు పెట్టకూడదనేమీ లేదు.

ఒకవేళ ఆరోపణ రుజువు కాకపోయినా, ఆ ఒక్క కారణంతో మీపై చర్య తీసుకోకూడదని చట్టం స్పష్టంగా చెబుతోంది. కావాలని అబద్ధం చెప్పారని తేలితేనే చర్య.

ఇక మీ డబ్బు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసి వెళ్లినవారికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. పీఎఫ్ ఖాతాలో మీరు మానేసిన తేదీని కంపెనీ నమోదు చేయకపోతే, చివరి జమ తర్వాత రెండు నెలలకు సభ్యుల పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు.