ఖుర్షీద్ జా దేవిడీ – ఒక ఇంజనీరు చూపులో

చార్మినార్ చూడని తెలుగువారు తక్కువ. అక్కడికి దగ్గర్లోనే, హుస్సేనీ ఆలంలో ఉన్న ఖుర్షీద్ జా దేవిడీని చూసినవారు మన పూర్వ విద్యార్థుల్లో ఎంతమంది ఉంటారో తెలియదు. వృత్తిరీత్యా కట్టడాలతో బతికే నేను ఈ స్వర్ణోత్సవ సంచికకు ఆ భవనం కథనే ఎంచుకున్నాను. అందులో మన బడికి పనికొచ్చే పాఠం ఉంది.

హైదరాబాద్‌లో ప్రభువర్గాల నివాసాలను దేవిడీలు అంటారు. పెద్ద దర్వాజా, లోపల తోట, నీటి ఫౌంటెన్, విడిగా జనానా. ఈ దేవిడీ పాయిగా వంశానిది. రెండో నిజాం కాలంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌తో ఎదిగిన ఈ వంశం నిజాం సొంత సేనలను పోషించేది. అందుకు ప్రతిఫలంగా జాగీర్లు, నిజాం కుటుంబంతో వియ్యం దక్కాయి. తర్వాత వంశం మూడు శాఖలైంది. ఫలక్‌నుమా కట్టిన వికారుల్ ఉమ్రాది ఒకటి, ఆస్మాన్ జాది ఒకటి, ఖుర్షీద్ జాది మరొకటి.

ఈ వంశంలో నాకు మిక్కిలి ఇష్టుడు ఖుర్షీద్ జా తాతగారు ఫక్రుద్దీన్ ఖాన్. 1834లో ఆయన ఒక పాఠశాల పెట్టారు. సొంత రాతి అచ్చు యంత్రంపై ఉర్దూలో విజ్ఞానశాస్త్ర పుస్తకాలు అచ్చు వేయించారు. యంత్రశాస్త్రం, ఖగోళం, జలశాస్త్రం, గాలి, కాంతి, విద్యుత్తు – ఇలా ఆరు విషయాల మీద ‘సిత్తా షంసియా’ వెలువడింది. మనకు బళ్లో చెప్పిన భౌతికశాస్త్రమే, వంద ఏళ్లకు పైగా ముందు!

దేవిడీ 19వ శతాబ్దపు కట్టడం. ముందు భాగంలో ఎత్తైన స్తంభాల వరుస, దానికి రెండు వైపులా సరిసమానంగా గదులు. ఇది ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో పేరుతో యూరప్‌లో వాడుకైన పద్ధతి. కిర్క్‌పాట్రిక్ హయాంలో కట్టిన కోఠీ రెసిడెన్సీ ఈ పద్ధతిని నగరానికి చూపింది. రూపం విదేశీయమైనా పనితనం మనదే. ఇటుక, డంగు సున్నం, పైన నున్నటి గచ్చు. బరువంతా మందపాటి గోడలే మోస్తాయి.

1949లో జాగీర్దారీ రద్దయింది. ఆదాయం పోయాక అంత పెద్ద ఇంటిని చూసుకునేవారు లేకపోయారు. ఆవరణలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల వచ్చింది, తోట క్రికెట్ మైదానమైంది, అసలు భవనం మాత్రం ఖాళీగా మిగిలింది.

ఇలాంటి కట్టడాలు ఒక్కరోజులో కూలవు. మొదట కప్పు మీది తూములో ఆకులు అడ్డుపడతాయి. నిలిచిన వాన నీరు గచ్చు పగుళ్లలోంచి దిగి దూలాలను కుళ్లబెడుతుంది. తడిసిన సున్నంలో రావి మొక్క మొలుస్తుంది, దాని వేరు ఇటుకలను విడదీస్తుంది. ఆపైన ఎవరో మంచి మనసుతో సిమెంటు పూస్తే నష్టం రెట్టింపవుతుంది. సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. జలశాస్త్రాన్ని అచ్చువేయించిన వంశం వారి ఇంటికి ఆ నీరే శత్రువైంది.

కోఠీ రెసిడెన్సీ గతి వేరు. అది కూడా 1949లో మహిళా కళాశాలకే వెళ్లింది. అక్కడ ప్రధాన భవనంలోనే పాఠాలు నడిచాయి. అది కూడా శిథిలావస్థకు చేరింది కానీ, చదివినవారు, చదువు చెప్పినవారు దాన్ని మరువలేదు. ఇటీవల చక్కగా పునరుద్ధరించారు. ఖుర్షీద్ జా దేవిడీలోనూ ఇప్పుడు ప్రభుత్వం పనులు చేపట్టింది. సంతోషం. పనులు పూర్తయ్యాక ఆ భవనాన్ని దేనికి వాడతారు, ఏటా కప్పు ఎవరు చూస్తారు అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. స్వర్ణోత్సవ నిధితో కొత్త గదులు కట్టాలని అనుకుంటున్నాం, మంచిదే. అయితే మనం అక్షరాలు దిద్దిన పాత గదుల తలుపులు తాళం వేసి ఉన్నాయి. నాదొక ప్రతిపాదన. నిధిలో కొంత భాగం వాటి కోసం విడిగా ఉంచుదాం. ఏటా మృగశిర కార్తెకు ముందే కప్పు శుభ్రం చేయించి, మొలకలు పీకించి, సున్నం పని తెలిసిన మేస్త్రీతో పగుళ్లు పూడ్పిద్దాం. ఒక గదిని గ్రంథాలయంగా తెరుద్దాం. తలుపు రోజూ తీస్తే కారుతున్న చోటు ఎవరో ఒకరి కంట పడుతుంది. ఆ పర్యవేక్షణకు నేను సిద్ధం.