అలీ మాట్లాడినప్పుడు, అలీ ఊరుకున్నప్పుడు

మొన్న రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మా భాంజా ఫోన్‌లో ఒక వీడియో పెట్టాడు. ఎవరో అమెరికా ఆయన గట్టిగా అంటున్నాడు: పాడేవాళ్లు పాడుకోవాలి, ఆడేవాళ్లు ఆడుకోవాలి, సియాసత్ వాళ్లకెందుకు అని. మా బహనోయి "సహీ బోలా" అన్నారు. నాకూ సగం నిజమే అనిపించింది. తెర మీద హయా ఏ గతి పట్టిందో చూస్తూనే ఉన్నాం కదా. అప్పుడు పిల్లాడు అడిగాడు: "మామూ, మరి ముహమ్మద్ అలీ కూడా బాక్సింగ్ ఆడుకుని ఊరుకోవాల్సిందా?"

అన్నం చల్లారిపోతోందని ఆపా కసిరింది. జవాబు అప్పుడు చెప్పలేకపోయాను. తారీఖ్ ముందు పెట్టుకుని ఇప్పుడు చెబుతాను.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. అమెరికా కన్జర్వేటివ్‌లు చెప్పేవన్నీ మనకు పరాయివి కావు. ఖాందాన్ నిలబడాలి, పిల్లలకు మజహబ్ తెలియాలి, సినిమావాళ్ల నడవడి మన ఇంటికి కొలత కాకూడదు అనేవి మన నానీలు, దాదీలు చెప్పిన మాటలే. 2000 ఎన్నికల్లో అక్కడి పెద్ద ముస్లిం తంజీమ్‌ల ఉమ్మడి కౌన్సిల్ జార్జ్ డబ్ల్యూ బుష్‌కే మద్దతు ప్రకటించింది. 2024లో మిషిగన్ రాష్ట్రం హామ్‌ట్రామ్‌క్ మేయర్ అమీర్ ఘాలిబ్ ట్రంప్ వైపు నిలబడ్డాడు. కాబట్టి అక్కడి కన్జర్వేటివ్‌లంటే దుష్మన్లు అనేసి చేతులు దులుపుకోలేం. వాళ్ల మాటను తూచి చూడాలి. తూచడానికి అలీ జిందగీ కన్నా మంచి తరాజు నాకు కనిపించలేదు.

1964 ఫిబ్రవరి 25న, 22 ఏళ్ల వయసులో, ఆయన మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్‌ను ఓడించి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. వెంటనే తాను నేషన్ ఆఫ్ ఇస్లాంలో ఉన్నానని చెప్పాడు. (మనందరం ఎరిగిన సున్నీ రాస్తాకు ఆయన వచ్చింది 1975 తర్వాత.) కాసియస్ క్లే ముహమ్మద్ అలీ అయ్యాడు. కానీ ఆ పేరు పలకడానికి దేశానికి నోరు రాలేదు. న్యూయార్క్ టైమ్స్ లాంటి ఉదారవాద అఖ్బార్ కూడా ఏళ్ల తరబడి క్లే అనే రాసింది.

1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో ఫౌజ్‌లో చేర్చుకోవడానికి పేరు పిలిస్తే అలీ అడుగు ముందుకు వేయలేదు. వియత్నాం జంగ్‌కు తన జమీర్, తన మజహబ్ ఒప్పుకోవని అన్నాడు. టైటిల్ లాగేసుకున్నారు. జూన్ 20న అదాలత్ ఐదేళ్ల జైలు, 10 వేల డాలర్ల జుర్మానా వేసింది. అప్పీలు వల్ల జైలుకు వెళ్లలేదు గానీ, మూడున్నరేళ్లు రింగ్‌లో కాలు పెట్టలేకపోయాడు. పహిల్వాన్‌కు 25 నుంచి 28 ఏళ్ల మధ్య కాలమంటే ఏమిటో వేరే చెప్పాలా? అప్పుడు హుకూమత్ డెమొక్రాట్ జాన్సన్‌ది. 1970లో అలీ అట్లాంటాలో మళ్లీ ఆడినప్పుడు దాన్ని సంతాప దినమని ప్రకటించిన జార్జియా గవర్నర్ లెస్టర్ మాడాక్స్ కూడా డెమొక్రాటే. నేరం ఒక్క పార్టీ మీద వేయడం ఇన్సాఫ్ కాదు.

ఆ నిషేధం రోజుల్లోనే, 1968 డిసెంబర్‌లో, కన్జర్వేటివ్‌ల పెద్ద రచయిత విలియం బక్లీ తన టీవీ కార్యక్రమం 'ఫైరింగ్ లైన్'కు అలీని పిలిచాడు. ఎదురుగా కూర్చుని బహస్ చేశాడు. నోరు మూసుకో అనకుండా, నీ దలీల్ ఏమిటో చెప్పు అని అడగడం కూడా ఒక తహజీబే. ఆ పని చేసింది ఒక కన్జర్వేటివ్ అని మరిచిపోకూడదు.

1971 జూన్ 28న సుప్రీంకోర్టు 8–0తో అలీ శిక్షను కొట్టేసింది. 1974లో ఆయన కిన్షాసాలో ఫోర్‌మన్‌ను ఓడించి టైటిల్ తిరిగి తెచ్చుకున్నాడు. ఆ డిసెంబర్‌లోనే రిపబ్లికన్ అధ్యక్షుడు ఫోర్డ్ ఆయన్ను వైట్‌హౌస్‌కు పిలిచాడు. 1984లో అలీ రొనాల్డ్ రీగన్‌కు మద్దతిచ్చాడు! యూటా సెనేటర్ ఆరిన్ హ్యాచ్, పక్కా కన్జర్వేటివ్, ఆయనకు జిగ్రీ దోస్త్ అయ్యాడు. 2016లో లూయివిల్ వీడ్కోలు సభలో హ్యాచ్ కూడా మాట్లాడాడు.

1984లోనే అలీకి పార్కిన్సన్స్ అని తేలింది. మాట తగ్గింది, చేతులు వణికాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆ వణికే చేతితో జ్యోతి వెలిగిస్తుంటే మా ఇంట్లో టీవీ ముందు అబ్బా కళ్లు తుడుచుకున్నారు. 2005లో బుష్ దేశపు అత్యున్నత పౌర పతకం అలీ మెడలో వేశాడు. మాట్లాడినప్పుడు గద్దార్ అన్న దేశమే, గొంతు తగ్గాక గలే లగాయించుకుంది.

2015 డిసెంబర్ 6న అధ్యక్షుడు ఒబామా తన ప్రసంగంలో ముస్లింలు మన క్రీడావీరులు కూడా అన్నాడు. ఏ ఆట, ఎవరు అని ట్రంప్ ట్విటర్‌లో ఎద్దేవా చేశాడు. ఆయన అంతకుముందు అలీ పక్కన నిలబడి ఫొటో దిగినవాడే. మర్నాడు ముస్లింలను దేశంలోకి రానివ్వొద్దన్నాడు. ఆ ప్రతిపాదన చేసేవాళ్లను ఉద్దేశించి అలీ ప్రకటన ఇచ్చాడు. తర్వాత ఆరు నెలలకే మర్హూమ్ అయ్యాడు. అప్పుడు ట్రంప్ కూడా పొగిడాడు. 2018లో అలీకి క్షమాభిక్ష పెడతానన్నాడు. కోర్టు 1971లోనే శిక్ష రద్దు చేసిందని, ఇక మాఫీ దేనికని అలీ వకీల్ గుర్తుచేశాడు.

ఇక ఆ వీడియో సంగతి. 2018లో ఫాక్స్ న్యూస్ లారా ఇంగ్రహామ్ కూడా బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌ను నోరు మూసుకుని ఆడుకోమంది. మరి రీగన్ ఎవరు? హాలీవుడ్ నటుడు. ట్రంప్‌ను ఇంటింటికీ పరిచయం చేసింది ఏమిటి? టీవీ షో. 2024 మిల్వాకీ రిపబ్లికన్ మహాసభలో చొక్కా చించుకుని ప్రసంగించిన హల్క్ హోగన్ కుస్తీ పహిల్వాన్. షోహ్రత్ ఉన్నవాళ్లు సియాసత్ మాట్లాడకూడదన్నది వాళ్లకు ఉసూల్ అయితే వీళ్లకూ వర్తించాలి కదా. నచ్చనివాళ్లు మాట్లాడితేనే గుర్తొచ్చేదాన్ని ఉసూల్ అనరు.

మన గిరేబాన్‌లోకీ చూసుకుందాం. 2005లో సానియా మీర్జా దుస్తుల మీద మనలో కొందరు ఉలమా అభ్యంతరం చెప్పారు. ఆమె గెలిచినప్పుడు మాత్రం మన హైదరాబాదీ బేటీ అన్నాం. 2014లో తెలంగాణ బ్రాండ్ అంబాసిడర్ చేస్తే ఒక బీజేపీ నాయకుడు ఆమెను పాకిస్తాన్ కోడలన్నాడు. ట్రోఫీ అందరికీ కావాలి, మనిషి ఎవరికీ అక్కర్లేదు.

బేటా, నీకు నా జవాబు ఇది. షోహ్రత్ దలీల్ కాదు. పేరున్నవాడు చెప్పాడని ఏదీ నమ్మకు. పేరున్నవాడు మాట్లాడకూడదనీ అనకు. మాట సహీనా గలతా అని మాత్రం చూడు. చెప్పినందుకు వాడు ఏం పోగొట్టుకున్నాడో కూడా చూడు. అలీ మూడున్నరేళ్లు పోగొట్టుకున్నాడు. వీడియోలో ఆయన ఏం పోగొట్టుకున్నాడో మీ అబ్బాను అడుగు.