క్షమాశబ్దార్థ విచారము

క్షమ యను పదము నేడు మన వ్యవహారమున రెండు విధములుగా వినబడుచున్నది. త్రోవలో నొకరి భుజము తగిలినప్పుడు పలుకు మర్యాదమాట యొకటి. ఏమియు చేయజాలనివాడు గతిలేక వహించు నోర్పు మఱియొకటి. ఈ యర్థములతోనే ప్రాచీన గ్రంథములను చదువు విద్యార్థులు క్షమను నిస్సహాయతకు పర్యాయముగా వ్యాఖ్యానించుట మేము తఱచుగా చూచుచున్నాము. కాని యా పదము చరిత్రను పరిశీలించినచో దాని యర్థ మిందుకు విరుద్ధమని తేటపడును.

ధాతుపాఠము క్షమ్ ధాతువునకు సహనమను నర్థమును నిర్దేశించినది. సహ్ ధాతువు వేదభాషయందు భరించుటనే గాక జయించుటను గూడ తెలుపును, సహస్సనగా బలము. ఋగ్వేదమున అగ్నికి బలపుత్రుడను నర్థము గల విశేషణము దీనినుండియే యేర్పడినది. అమరసింహుడు నానార్థవర్గమున క్షమాశబ్దమునకు భూమి, ఓర్పు అను నర్థములను చెప్పి, విశేషణమగు క్షమశబ్దమునకు శక్తము, హితము అను నర్థములను గూడ చేర్చెను. కార్యక్షముడన్నచో పని చేయగలవాడని మనము నేటికిని గ్రహించుచున్నాము. కావున ఓర్చుటయు, చేయగలుగుటయు నొక్క ధాతువునందే యిమిడియున్నవి.

మహాభారతమునందలి ప్రయోగము లీ విషయమును బలపఱచుచున్నవి. ఉద్యోగపర్వమున విదురుడు క్షమావంతునకు దోష మొక్కటియే కలదనియు, లోకము వానిని అశక్తునిగా తలచుటయే యా దోషమనియు ధృతరాష్ట్రునకు తెలుపును. అనగా అశక్తత లోకులు పొందు భ్రమయే గాని క్షమకు లక్షణము కాదు. వనపర్వమున ద్రౌపది ధర్మరాజునకు వినిపించిన బలిప్రహ్లాద సంవాదము మఱింత స్పష్టమైనది. ఎల్లవేళల తేజమును, ఎల్లవేళల క్షమయు శ్రేయస్కరములు కావని ప్రహ్లాదుని మతము. పూర్వము మేలు చేసినవాని తప్పు, తెలియక చేసిన తప్పు, మొదటిసారి చేసిన తప్పు క్షమింపదగినవి; తెలిసి చేసి తెలియలేదని బొంకువాడు దండ్యుడు. దండించు నధికారము గలవాని విచక్షణమే యిచ్చట క్షమ యనబడినది.

కావ్యభాషను విడిచి రాజశాసనములకు వచ్చినను ఈ యర్థమే గోచరించును. అశోకుడు పట్టాభిషిక్తుడైన యెనిమిదవ యేట కళింగమును జయించెను. ఆ యుద్ధమున 1,50,000 మంది చెఱగొనిపోబడిరనియు, 1,00,000 మంది హతులైరనియు పదమూడవ శిలాశాసనము తెలుపుచున్నది. తన కపకారము చేసినవానిని గూడ క్షమింప శక్యమైనంతవఱకు క్షమింపవలెనని రాజు అందే ప్రకటించెను. షాబాజ్‌గఢీ పాఠమున నీ వాక్యమునందు క్షమ్ ధాతురూపములు రెండును, వానితో శక్యార్థకమగు పదమును కలవు. వెంటనే అటవికులకు తన పశ్చాత్తాపముతోపాటు తన ప్రభావమును గూడ రాజు జ్ఞప్తి చేసినాడు. క్షమకు హద్దు కలదనియు, దాని వెనుక బలము కలదనియు నీ శాసనము చాటుచున్నది. కళింగమునందలి ధౌళి, జౌగడ శిలలపై మాత్ర మీ పదమూడవ శాసనము చెక్కబడలేదు. క్షమ యను మాట యెవరి గాయమునుండి పుట్టినదో, వారి గడ్డపై నది కానరాకుండుట గమనింపదగినది.

ఇక తెలుగు పదములను చూతము. ఓపు అనగా సమర్థమగుట; దానినుండి పుట్టిన ఓపిక శరీరబలమునకును, సహనమునకును సమానముగా చెల్లుచున్నది. ఓపిక లేదని ముదుసలి చెప్పినను, ఓపిక పట్టుమని తల్లి బిడ్డకు చెప్పినను మాట యొక్కటియే. ఒరుల మేలు చూడజాలని గుణమును మనవారు ఓర్వలేమి యనిరి. అసూయ బలము కాదు, బలలోపమని యా పదమే తీర్పు చెప్పుచున్నది. మన్నించుట యన్నచో గౌరవించుటయు, తప్పు కాచుటయు రెండును కలవు. తప్పు చేసినవానిని తక్కువ చేయక విడుచుటయే మన్నింపని దీనినిబట్టి మా యభిప్రాయము.

ఈ విచారము నిఘంటువులతో ముగియునది కాదు. నేడు పరమతసహనమను మాట సభలయందు విరివిగా వాడబడుచున్నది. ఇష్టములేని దానిని పండ్లు బిగించి భరించుటయే దాని యర్థమైనచో నది నిలువజాలదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి శిలలపై గల అశోకుని శాసనములలో పండ్రెండవది సర్వమతములను పూజింపుమనియు, మాటలయందు సంయమము పాటింపుమనియు, పరమతమును నిందించువాడు తన మతమునకే హాని చేయుననియు బోధించుచున్నది. ఇది భరించుట కాదు, మన్నించుట. కావున క్షమాశబ్దము గ్రంథమున కానవచ్చినప్పుడు దండించుశక్తి యెవరిచేత నున్నది, ఆ శక్తిని వారెందులకు నిలిపిరి అని ముందుగా ప్రశ్నించుట పరిశోధకులకు కర్తవ్యము. శక్తిలేనివాని మౌనమునకు వేఱు పేరు కలదు. దానిని క్షమ యనుట ఆ పదమునకును, ఆ మౌనము వహించినవానికిని అన్యాయము.