మా పెరటి పూలది ఏ ఊరు?

"ఆలూరులో పూలా?" అని ముక్కున వేలేసుకునే కోస్తా చుట్టాలు నాకు చాలామందే ఉన్నారు. వాళ్ల లెక్కలో మా సీమంటే రాళ్లూ, ఎండా, నల్లరేగడీ. నిజమే, పడమటి కనుమలు వానమబ్బుల్ని అవతలే పిండేసుకుంటే మాకు దక్కేది అడుగూ బొడుగూ. అయినా మా ఊళ్లో పూలమొక్క లేని పాత పెరడు అరుదు. ఆ పూల పుట్టుపూర్వోత్తరాలు వింటే మీరు మళ్లీ ముక్కున వేలేసుకుంటారు.

బంతినే తీసుకోండి. గుమ్మానికి బంతిపూల తోరణం లేనిదే మనకు పండగ కాదు. కానీ బంతి ఎరగని పండగలు మనకు ఎన్నో జరిగిపోయాయి. 1443లో అబ్దుర్ రజాక్ అనే పారశీక రాయబారి విజయనగరం వచ్చాడు. ఆలూరు నుంచి బళ్ళారి మీదుగా పడమటికి పోతే తగిలే హంపీయే అది. అక్కడి జనం పూలు లేనిదే బతకలేరనీ, గులాబీలు అంగళ్లలో అమ్ముతారనీ ఆయన రాసుకున్నాడు. ఆ అంగళ్లలో బంతి మాత్రం ఉండే వీల్లేదు. దాని పుట్టిల్లు మెక్సికో. కొలంబస్ అటువైపు ఓడ నడిపిందే 1492లో! ఆ తర్వాత మిరపకాయలాగే బంతీ ఐరోపావాళ్ల ఓడలెక్కి వచ్చింది. కొత్తకోడలు మెల్లగా ఇంటి పెత్తనం అందుకున్నట్టు మన గుమ్మమెక్కి కూర్చుంది.

సాయంత్రం విచ్చే చంద్రకాంతదీ, విషపు కాయల పచ్చగన్నేరుదీ అమెరికా ఖండాలే. బిళ్ళగన్నేరు మడగాస్కర్ దీవిది. 1950ల చివర దాని ఆకులోంచి తీసిన మందులు తర్వాత ఎందరో పసిపిల్లల్ని రక్తపు క్యాన్సర్ నుంచి కాపాడాయి. కాగితంపూల చెట్టు 1767లో బ్రెజిల్ తీరాన ఫ్రెంచి ఓడవాళ్ల కంటబడింది. ఆ ఓడలోని వృక్షశాస్త్రజ్ఞుడికి సహాయకురాలు ఝాన్ బారే అనే ఆమె. ఆడవాళ్లను ఓడ ఎక్కనివ్వరని మగవేషం వేసుకుని బయల్దేరింది. భూమిని చుట్టివచ్చిన మొదటి స్త్రీగా పేరు తెచ్చుకుంది.

మరి అచ్చంగా మన నేలవి? తంగేడు, తుమ్మి, జిల్లేడు. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పొయ్యరు. తంగేడు చెక్కతో తోళ్లు పదును పెట్టేవారు. తెలంగాణలో అది బతుకమ్మకెక్కింది, 2014లో రాష్ట్ర పుష్పమైంది. మనమో, దాన్ని గోడ లోపలికి రానివ్వం!

గోడ లోపలి పూలకు అసలు కష్టం నీళ్లు. 1876-78 ధాత కరువు బళ్ళారి, కర్నూలు జిల్లాల్ని ఊడ్చేసింది. అప్పుడు ఆలూరు బళ్ళారి జిల్లాలోదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే కర్నూలు జిల్లాకి వచ్చింది. కరువు ఎరిగిన ఇలాంటి చోట తోడిన మంచినీళ్లు పువ్వుకు పొయ్యడానికి చెయ్యి రాదు. అందుకే మా ఇళ్లలో ఆడవాళ్లది ఒకటే లెక్క. స్నానాల చోటును మా వైపు బచ్చలి అంటారు. అక్కణ్ణుంచి పారే నీళ్లు మల్లెపాదుకు, బియ్యం కడిగినవి గులాబీకి, గిన్నెలు కడిగినవి కనకాంబరాలకు. తోరణంలో ఎండిన బంతిపూలు దాచి, తొలకరికి నలిపి చల్లడమే విత్తనాల ఖర్చు. చరిత్ర పుస్తకాల్లో ఓడల పేర్లున్నాయి గానీ ఈ చెంబుల లెక్క లేదు. ఓడ పువ్వును రేవుదాకా తెచ్చింది. మా పెరట్లో బతికించింది మాత్రం వాడుకనీళ్లే.

ఇప్పుడు పెరడంతా సిమెంటు చేయిస్తున్నాం. శుభ్రంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ నీళ్లన్నీ నేరుగా కాలవలోకే. ఎండాకాలం మళ్లీ ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడేదీ మనమే. పండక్కి బంతిపూలు మూర లెక్కన కొనేదీ మనమే.

కొత్తిల్లు కట్టుకునే చెల్లెళ్లకు ఒక్కమాట. బచ్చలి తూము దగ్గర నాలుగడుగుల మట్టినేల వదిలిపెట్టండి. మల్లె బతుకుతుంది. ప్రహరీ పక్కన తంగేడు మొలిస్తే దాన్నీ ఉండనివ్వండి. పాపం, అది మీ దగ్గర చెంబుడు నీళ్లు కూడా అడగదు.